ఏడో భాగం ఏ శాఖది?

తుమ్మలేరు గ్రంథాలయంలో పంతొమ్మిదేళ్ళుగా గ్రంథపాలకుడిగా పనిచేస్తున్నాను కాబట్టి, పుస్తకాల గురించి నన్నేమీ అడగవద్దని ముందే మనవి చేసుకుంటున్నాను. వాటి నంబర్లు అడగండి, చెబుతాను. ఏ బీరువాలో ఎన్నో అరలో ఉన్నాయో అడగండి, కళ్ళు మూసుకుని తీసిస్తాను. లోపల ఏముందన్నది మాత్రం చదివేవాళ్ళ వ్యవహారం. హోటల్లో వడ్డించేవాడు ప్రతి విస్తట్లోనూ వేలు పెట్టి రుచి చూడడు కదా.

మాకు పదకొండు బీరువాలు, నాలుగు వేల మూడు వందల పన్నెండు పుస్తకాలు, రెండు పొడుగాటి బల్లలు, ఒక ఫ్యాను ఉన్నాయి. పుస్తకాలన్నిటికీ విషయాన్ని బట్టి అంకెలు వేసి ఉంటాయి. మతం రెండు వందల్లో, సైన్సు ఐదు వందల్లో, సేద్యమూ వంటా ఆరు వందల్లో, కథలూ నవలలూ ఎనిమిది వందల్లో. ఈ ఏర్పాటు ఎవరో విదేశీయుడు ఎప్పుడో చేసిపెట్టి వెళ్ళాడు. దానితో ఊళ్ళో ఎవరికీ పేచీ లేదు. కావలసిన పుస్తకం ఉండవలసిన చోట దొరికేది. దాని గురించి ఇంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేకపోవడమే దాని గొప్పతనమని నాకు ఈమధ్యే తెలిసింది.

ఫిబ్రవరిలో మాకు కొత్త ప్రత్యేకాధికారి వచ్చారు. పేరు బలరామమూర్తి గారు. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు జిల్లా కేంద్రంలో దస్త్రాల విభాగం చూశారు. చేతికి వచ్చిన ప్రతి కాగితం మూలనా అది ఏ శాఖకు వెళ్ళాలో రాయనిదే కింద పెట్టరని ఆయనకు పేరు. ఇంటికి వచ్చిన శుభలేఖల మీద కూడా రాస్తారని వాళ్ళ డ్రైవరు చెప్పాడు గానీ, డ్రైవర్ల మాటలు నేను నమ్మను. ఆయన తనిఖీకి వచ్చిన రోజున నమ్మాను.

వచ్చీరాగానే ఆయన ఆరో బీరువా ముందు ఆగి, ఒక పుస్తకం వీపు మీద వేలు పెట్టారు.

"ఇదేమిటి?"

"ఆరు వందల ముప్ఫై ఐదు సార్."

"అంకె కనబడుతూనే ఉంది. ఏ శాఖ?"

"శాఖ కాదు సార్, విషయం. కూరగాయల సాగు."

"కూరగాయల సాగుకు ఉద్యానవన శాఖ ఉంది కదా. ఈ అంకె ఆ శాఖవారు ఇచ్చారా?"

"లేదు సార్. విదేశీయుడొకాయన. నూటయాభై ఏళ్ళ కిందట."

"అప్పటికి మన ఉద్యానవన శాఖ ఏర్పడిందా?"

"ఏర్పడలేదు సార్."

"అంటే శాఖ లేకుండానే విషయం ఉందని ఆయనంతట ఆయనే నిర్ణయించేశాడు." బలరామమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇన్నాళ్ళూ ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదా?"

చెప్పలేదని ఒప్పుకున్నాను. నా ముఖం చూసి ఆయనకు జాలి కూడా కలిగినట్టుంది.

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. నాలుగు పేజీలది. అందులో మూడో పేరా నాకిప్పటికీ నోటికి వచ్చు. "ఈ ప్రపంచమందు ఏదో ఒక ప్రభుత్వ శాఖ పరిధిలోనికి రాని విషయమంటూ యేదియు లేదు. అట్లు రానియెడల అది విషయమే కానేరదు. కావున గ్రంథాలయమందలి సకల గ్రంథములను సంబంధిత శాఖల వారీగా వర్గీకరించి, పదిహేను దినములలోగా నివేదిక సమర్పించవలెను. ఒక గ్రంథమునకు ఒకే శాఖ యుండవలెను."

నాలుగు వేల మూడు వందల పన్నెండు పుస్తకాలు, పదిహేను రోజులు, నేనొక్కణ్ణి. చదివి తేల్చే పని కాదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరవడం, కళ్ళు మూసుకుని వేలు పెట్టడం, వేలు కింద ఏ మాట ఉంటే అది ఏ శాఖదో చూసి రాసుకోవడం. ఆఫీసర్లు కూడా దస్త్రాలు ఇలాగే చూస్తారని బలరామమూర్తి గారు విని సంతోషించారు.

వంటల పుస్తకం తెరిస్తే ఉప్పు మీద వేలు పడింది, పరిశ్రమల శాఖకు వెళ్ళింది. ఒక ప్రేమకవితల సంపుటిలో ప్రియురాలి కళ్ళను చేపలతో పోల్చారు. అది మత్స్యశాఖ. పిల్లల కథల్లో నక్క వచ్చింది, అటవీశాఖ. వేదాంత గ్రంథం తెరిస్తే 'ఇదంతా ఎవరిదీ కాదు' అని ఉంది. ఎవరిదీ కానిది రెవెన్యూది, ఇందులో అనుమానమే లేదు. పెద్ద నిఘంటువులో గొర్రె తగిలింది. దాన్ని పశుసంవర్ధక శాఖ కింద రాశాను.

ఇక్కడితో ఆగి ఉంటే ఎవరికీ పెద్ద నష్టం ఉండేది కాదు. బీరువాల మీద అట్టముక్కలు మార్చుకుని ఊరుకునేవాళ్ళం. కానీ నివేదిక చదివిన బలరామమూర్తి గారికి ఇంకో న్యాయమైన సందేహం వచ్చింది. ఫలానా పుస్తకం ఫలానా శాఖదని తేలిన తర్వాత, దాన్ని ఆ శాఖకు అప్పగించకుండా మన దగ్గర ఉంచుకోవడం అక్రమ స్వాధీనం కాదా? అవుతుందని ఆయనే తేల్చి రెండో ఉత్తర్వు ఇచ్చారు. మార్చి మొదటివారంలో పుస్తకాలన్నీ ట్రాక్టరెక్కి మండలంలోని ఆఫీసులకు వెళ్ళిపోయాయి. మత్స్యశాఖ వారికి మా మండలంలో ఆఫీసు లేదు కాబట్టి ప్రేమకవితలు ముప్ఫై కిలోమీటర్లు ప్రయాణం చేశాయి.

కావలసినవాళ్ళు సంబంధిత శాఖకు అర్జీ పెట్టుకుని చదువుకోవచ్చు. రెండు ఫొటోలు, రేషన్ కార్డు నకలు, చదవదలచిన కారణం జతపరచాలి. హైస్కూలు తెలుగు మాస్టారు ఒక మాటకు అర్థం చూసుకోవడానికి పశువుల ఆసుపత్రికి వెళ్ళి, రెండు గేదెల వెనక వరసలో నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేసరికి డాక్టరు గారు అలవాటుగా "ఎన్నాళ్ళనుంచి?" అని అడిగారట.

మా బీరువాలు పదకొండూ ఖాళీ. బలరామమూర్తి గారు వచ్చి ప్రతి అరా చూసి, తనిఖీ పుస్తకంలో తన చేత్తో రాశారు: "ఈ గ్రంథాలయమునందు ఒక్క గ్రంథము కూడా తప్పుచోట లేదు." అది నిజమే. కాదని ఎవరూ అనలేరు.

అయితే ఒక్క పుస్తకం మిగిలిపోయింది. అసలు గొడవంతా దాని గురించే.

ఏడు భాగాల నవల ఒకటి మా దగ్గర ఉండేది. నా వేలి పద్ధతి పుణ్యమా అని దాని ఒకటో భాగం పసిపిల్ల పెళ్ళి మీద పడి స్త్రీ శిశు సంక్షేమానికి, రెండోది వరదల మీద పడి నీటిపారుదలకు, ఐదోది గొడ్ల జబ్బు మీద పడి పశువుల ఆసుపత్రికి, ఇలా తలో దారి పట్టాయి. ఏడో భాగాన్ని మాత్రం మధ్యకు తెరవలేకపోయాను. పూర్వకాలపు ముద్రణ అది. కాగితాల మడతలు అంచుల్లో కోయకుండానే కట్టేశారు. నలభై ఏళ్ళుగా మా దగ్గర ఉన్న పుస్తకానికి పేజీలు విడిపోలేదంటే, ఊళ్ళో ఇంతవరకూ ఒక్కరు కూడా ఆరో భాగం దాటి రాలేదన్న మాట. చాకుతో కోసి చూద్దామంటే, గ్రంథాలయ ఆస్తిని కోయడం నష్టపరచడం కిందికి వస్తుంది. అందుకని దాన్ని 'అనిర్ధారితం' అని రాసి పంపాను. బలరామమూర్తి గారు దాన్ని గుడ్డలో చుట్టించి, లక్కముద్ర వేయించి, రెండో బీరువాలో పెట్టి తాళం తీసుకెళ్ళారు.

సరిగ్గా ఆ వారమే సైదాబీ తన దగ్గరున్న ఆరో భాగం తిరిగి తెచ్చిచ్చి (అదీ నా వేలి కింద పడి దాని శాఖకు వెళ్ళిపోయింది), ఏడోది అడిగింది.

సైదాబీ పరుపులు కుడుతుంది. వాళ్ళాయన మీరావలి ఆ పరుపుల్ని తోపుడుబండి మీద ఊళ్ళు తిప్పి అమ్ముతాడు. వాళ్ళ అత్త హుసేనమ్మకు ఆరేళ్ళ కిందట చూపు పోయింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక కోడలు గంటసేపు పుస్తకం చదివితే అత్త వింటుంది. ఇద్దరూ కలిసి నా బీరువాలు సగం ఖాళీ చేశారు. ఈ నవల మొదలుపెట్టేనాటికి హుసేనమ్మకు చెవులు కూడా మందగించడం మొదలైంది. ఒకటో భాగం చదివేటప్పుడు సైదాబీ గొంతు ఇంట్లోవాళ్ళకు వినబడేది. మూడో భాగానికి పక్కింటికి వినబడింది. ఆరో భాగానికి వీధి చివర టీ బంకు దాకా వచ్చింది. ఆ గంటసేపు బంకువాడు రేడియో కట్టేసేవాడు.

ఆరో భాగం ఆగిన చోటు ఊరందరికీ తెలుసు. కథలో కనకాంబ అనే ఆవిడ మొగుడు పెళ్ళయిన రెండేళ్ళకే రంగూన్ వెళ్ళిపోయి, పన్నెండేళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, అక్కడే చనిపోతాడు. అక్కడ ఇంకో మనిషితో అతనికి ఒక కొడుకు. ఆ తల్లీ లేదు. నాలుగేళ్ళ పిల్లవాణ్ణి ఎవరో పడవెక్కించి కనకాంబ పేరు చెప్పి పంపిస్తారు. కనకాంబ రేవులో నిలబడి ఉంటుంది. పడవ వస్తూ ఉంటుంది. అక్కడితో భాగం అయిపోయింది.

"విషయం తేలేదాకా ఇవ్వకూడదమ్మా" అన్నాను సైదాబీతో.

"ఎప్పటికి తేలుద్ది సారూ?"

"చదివితే తేలుతుంది."

"నేను చదివి చెబుతా, ఇయ్యండి."

"ఇస్తేనే చదవాలి. తేలితేనే ఇవ్వాలి."

ఆమె నా వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మర్నాడు ముసలమ్మను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. హుసేనమ్మ ఖాళీ బీరువాలను తడుముకుంటూ వచ్చి నా బల్ల ముందు కూర్చుంది.

"సారూ, కుడిచెవి పొయింది. ఎడమది ఉగాది దాటితే కష్టమని ఒంగోలు డాక్టరు చెప్పాడు. నరం ఎండిపోతందంట. మిషను పెట్టినా పన్జెయ్యదంట. కళ్ళు పొయినయ్, సరే. ఇయ్యి గూడా పొయ్యేలోపల కనకాంబ ఆ పిల్లోడి చెయ్యి పట్టుకుంటదో, ఎనక్కి తిరిగి ఇంటికి పోతదో నాకు తెలవాల. మళ్ళీ నాకెవురు చెబుతారు? చెప్పినా యాడ ఇనపడుద్ది?"

ఉగాదికి పదహారు రోజులుంది. ఆ పుస్తకం గ్రంథాలయంలో ఉండి, నేను గ్రంథాలయంలో ఉండి, ఆమెకు ఇవ్వలేకపోవడం నాకు చాలా సిగ్గనిపించింది. పంతొమ్మిదేళ్ళలో ఒక పుస్తకం ఎలా ముగుస్తుందో తెలుసుకోవాలని నాకు అనిపించడం కూడా అదే మొదటిసారి.

కాబట్టి నాకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాను. అర్జీ రాశాను. "అనిర్ధారిత గ్రంథము ఒకటి యే శాఖ ఆధీనమునందును లేక మిగిలిపోయియున్నందున ప్రభుత్వ నియంత్రణ లోపించినట్లగుచున్నది" అని రాశాను. బలరామమూర్తి గారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదని విన్నాను. మూడోరోజుకల్లా విషయ నిర్ధారణ కమిటీ ఏర్పడింది.

కమిటీ మా గ్రంథాలయంలోనే కూర్చుంది. అధ్యక్షులు బలరామమూర్తి గారు. సభ్యులు ముగ్గురు: నీటిపారుదల ఏఈ రాఘవులు గారు, పశువైద్యులు డాక్టర్ ఇమ్మానుయేలు గారు, స్త్రీ శిశు సంక్షేమం సూపర్‌వైజరు సువర్చల గారు. నాకు మినిట్సు రాసే పని అప్పగించారు.

"కమిటీ ముందు పలికిన ప్రతి మాటా నమోదు కావాలి" అన్నారు అధ్యక్షులు. "దగ్గినా రాయండి."

సభ్యులు ముగ్గురూ పుస్తకాన్ని చూడకముందే అది తమ శాఖది కాదని చెప్పేశారు. ఇప్పటికే ఒక్కొక్కరి ఆఫీసులో మూడేసి వందల పుస్తకాలున్నాయి. ఆసుపత్రిలో దూడలను కట్టేచోట నిఘంటువు పెట్టుకోవలసి వచ్చిందని డాక్టరు గారు వాపోయారు.

"ఎవరిదో తేలాలంటే చదవాలి. ఎవరు చదువుతారు?" అన్నారు అధ్యక్షులు.

చదవడం ఎవరి విధుల జాబితాలోనూ లేదు. నా జాబితాలో కూడా లేదు, తీసి చూపించాను. అప్పుడు నేను, "సార్, ప్రజల్లోంచి ఎవరైనా చదివితే సర్వీసు నిబంధనలు అడ్డురావు. ఇదే నవల మొదటి ఆరు భాగాలూ చదివిన అనుభవమున్న మనిషి బయట నిలబడి ఉంది" అన్నాను.

సైదాబీ లోపలికి వచ్చింది. అత్తను కూడా కూర్చోనిస్తేనే చదువుతానంది.

"ఆవిడ ఏ హోదాలో కూర్చుంటారు?" అన్నారు అధ్యక్షులు.

"వినే హోదాలో సార్" అన్నాను.

ఆయన ఆలోచించి, అందుకు నిషేధం ఎక్కడా లేదన్నారు. లక్కముద్ర పగలగొట్టారు. కమిటీ కోస్తే అది నష్టపరచడం కాదని తేలాక, పేజీలు కోయడానికి డాక్టరు గారు సంచిలోంచి ఆపరేషను కత్తి తీసిచ్చారు. దూడల మీద వాడేదే, కడిగే తెచ్చానని చెప్పారు. ఆ మాట కూడా రాసుకున్నాను.

"ఏదైనా శాఖకు చెందిన విషయం తగిలిన వెంటనే చదువు ఆపవలెను. అంతటితో నిర్ధారణ పూర్తయినట్టు" అని అధ్యక్షులు ప్రకటించారు. నేను చివరి పేజీ నంబరు చూశాను. పుస్తకం మూడు వందల పేజీలుంది.

సైదాబీ అత్తకు వినబడేలా మొదలుపెట్టింది. అంటే వీధికి వినబడేలా. పది నిమిషాల్లో కిటికీలన్నిటి దగ్గరా తలకాయలు చేరాయి. టీ బంకువాడు బంకు వదిలేసి వచ్చాడు.

రెండో పేజీలోనే కాలువ వచ్చింది. అధ్యక్షులు చెయ్యి ఎత్తారు. "నీటిపారుదల. తేలిపోయింది."

"కాలువ నీటితో సాగు జరిగితేనే మాది సార్. ఇది పడవల కాలువ" అన్నారు ఏఈ గారు గబగబా. చదువు సాగింది. పద్దెనిమిదో పేజీలో రేవు దగ్గర ఆగిన ఎడ్లబండి వచ్చింది. అధ్యక్షులు మళ్ళీ చెయ్యి ఎత్తారు.

"పశుసంవర్ధక శాఖ. సమావేశం ముగిసినది."

హుసేనమ్మకు ఏం జరిగిందో తెలియక, "ఆపావెందుకే?" అంది కోడలితో. కిటికీల దగ్గర ఎవరూ కదల్లేదు. డాక్టర్ ఇమ్మానుయేలు గారు పుస్తకం వంక చూశారు, ముసలమ్మ వంక చూశారు, లేచి నిలబడ్డారు.

"సార్, మా శాఖ అభ్యంతరం నమోదు చేయాలి. బండి వచ్చింది గానీ ఎద్దుల స్థితిగతులు గ్రంథకర్త తెలపలేదు. అవి బతికున్నదీ లేనిదీ విచారించకుండా ఈ గ్రంథాన్ని స్వాధీనం చేసుకోలేను."

"ఎంతవరకు విచారించాలి?"

"ఆఖరి పేజీ దాకా సార్. ఎద్దు ఎప్పుడైనా చావవచ్చు."

అధ్యక్షులు అభ్యంతరాన్ని స్వీకరించారు. కాస్త తొందరగానే స్వీకరించారని నాకు అనిపించింది. ఆ తర్వాత చూడాలి ఆ కమిటీ పని. అంతసేపూ పుస్తకం మాది కాదన్నవాళ్ళు, ఇప్పుడు పేజీ పేజీకీ ఇందులో మాకూ భాగముందని అడ్డుపడటం మొదలుపెట్టారు. తుఫాను వస్తే ఏఈ గారు గట్టు తెగిందో లేదో తేలాలన్నారు. రేవులో కూర్చున్న అవ్వ కనకాంబకు గంజి పోస్తే, సువర్చల గారు ఆ గంజిలో పోషక విలువలు తేల్చాలన్నారు. సాయంత్రం ఐదు గంటలకు నూట నలభయ్యో పేజీ దగ్గర పడవ ఇసుకలో దిగబడిపోయింది. అధ్యక్షులు వాచీ చూసుకుని, సభను మర్నాటికి వాయిదా వేసి, నన్ను పక్కకు పిలిచారు.

"కోటిలింగం గారూ, పడవ బయటపడుతుందంటారా?"

"తెలియదు సార్."

"పరిపాలనాపరంగా అడుగుతున్నాను" అని చెప్పి వెళ్ళారు.

మర్నాడు పదింటికి మొదలవ్వాల్సిన సభకు సభ్యులు తొమ్మిదింటికే వచ్చారు. పన్నెండు గంటలకు కరెంటు పోయింది. ఎవరూ లేవలేదు. సైదాబీ గొంతు బొంగురుపోతే సువర్చల గారు తన ఫ్లాస్కులో వేడినీళ్ళు ఇచ్చారు. హుసేనమ్మ ఎడమచెవి కోడలి నోటి దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని, కదలకుండా కూర్చుంది.

ఆఖరి పదిపేజీల్లో పడవ రేవుకు వచ్చింది. పిల్లవాడు దిగాడు. వాడి చేతిలో ఒక మూట ఉంది. ఎవరివైపు వెళ్ళాలో వాడికి తెలియదు. కనకాంబ వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసింది. సైదాబీ అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. కనకాంబ ఆగి, వెనక్కి వచ్చి, పిల్లవాడి చేతిలోని మూట అందుకుని, రెండో చేత్తో వాడి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది. దారిలో వాడు అన్నం ఉందా అని అడిగాడు. ఉంది అంది. అంతే నవల.

హుసేనమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసి, ఆమె చెవిలో రహస్యంగా చెప్పింది. చెవులు వినబడనివాళ్ళ రహస్యం ఎలా ఉంటుందో మీకు తెలుసు. బయట వీధి అరుగు మీద కూర్చున్నవాళ్ళకు కూడా వినబడింది.

"ఒసే సైదా, మీ ఆయన్ని గూడా నేను అట్టానే తెచ్చుకున్నానే. నా కడుపున పుట్టినోడు గాదు. మనం ఈ ఊరు రాకముందు మాట. మీ మామ పొయినాక ఎవురో బస్సెక్కిచ్చి పంపిచ్చారు. నాలుగేళ్ళోడు. చొక్కాకి గుండీలు గూడా లెవ్వు. నేనూ ఎనక్కి తిరిగి రోడ్డు దాకా వచ్చేశా. ఆనక పొయ్యి ఎత్తుకున్నా. చేసింది సరో కాదో ఎవుర్నీ అడగలా ఇన్నేళ్ళూ." కోడలి భుజం నొక్కింది. "ఆడికి తెలవదు. ఆడికి చెప్పమాకు."

సైదాబీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అత్త చేతిని రెండు చేతులా పట్టుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు. కిటికీల దగ్గర నలభైమంది ఉన్నారు. ఒక్కళ్ళు దగ్గితే ఒట్టు.

బలరామమూర్తి గారు నావైపు తిరిగారు.

"కోటిలింగం గారూ, చివరగా ఏం నమోదు చేశారు?"

"అన్నం ఉంది అన్నదాకా రాశాను సార్. ఆ తర్వాత ఫ్యాను చప్పుడులో ఏమీ వినబడలేదు."

ఫ్యాను అప్పటికి మూడు గంటలుగా తిరగడం లేదు. బలరామమూర్తి గారు తలెత్తి ఆగిపోయిన రెక్కల్ని శ్రద్ధగా చూశారు.

"అవును. ఈ ఫ్యాను చప్పుడు మరీ ఎక్కువగా ఉంది. మరమ్మతుకు రాయండి" అన్నారు.

ఇక పుస్తకం ఏ శాఖదో తేల్చాలి. ఎడ్లు క్షేమమని డాక్టరు గారు తప్పుకున్నారు. గట్టు తెగలేదని ఏఈ గారు తప్పుకున్నారు. అందరూ సువర్చల గారివైపు చూశారు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, "స్త్రీ ఉంది, శిశువూ ఉన్నాడు సార్. కానీ మా దగ్గర దీనికి స్కీము లేదు" అన్నారు.

ఏ శాఖ పరిధిలోకీ రానిది విషయమే కాదని తన చేత్తో రాసిన మనిషి, తన ఉత్తర్వు ప్రతి తీసి మూడో పేరా మళ్ళీ చదువుకున్నారు. తర్వాత నాచేత ఇలా రాయించారు: "మొదటి ఆరు భాగములను వినకుండా ఏడవ భాగము యొక్క విషయమును నిర్ధారించుట సహజ న్యాయసూత్రములకు విరుద్ధమగును. కావున సదరు ఆరు భాగములను సంబంధిత శాఖల నుండి వెంటనే వెనుకకు రప్పించి, ఉగాదిలోగా కమిటీ ముందు ప్రతిదినము బిగ్గరగా చదివించవలెను. అంతవరకు నిర్ధారణ వాయిదా." సభ్యులు ముగ్గురూ వెంటనే సంతకం పెట్టారు. ఆరు భాగాల తర్వాత మిగతావి కూడా ఒక్కొక్కటిగా అదే దారిలో వెనక్కి రావచ్చని నాకు ఆశ పుట్టింది.

ఆ సాయంత్రం మీరావలి పొరుగూరి నుంచి బండి తోసుకుంటూ వచ్చి టీ బంకు దగ్గర ఆగాడు. అతను కూడా ఇంట్లో ఉన్న రోజుల్లో ఆరు భాగాలూ విన్నవాడే.

"పడవ దిగిన పిల్లోడు ఏమయ్యాడన్నా?" అని బంకువాణ్ణి అడిగాడు.

బంకువాడు పాలగిన్నెలోకి చూస్తూ, తనకు సరిగ్గా వినబడలేదన్నాడు. బల్ల మీద కూర్చున్న నలుగురూ తమకూ వినబడలేదన్నారు. మూడు వీధుల అవతల మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే మాట పొల్లుపోకుండా అప్పజెప్పే మనుషులు వాళ్ళు. మీరావలి చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"మీరు లోపలే కూర్చున్నారంట గదా సారూ. ఏమయ్యాడు ఆ పిల్లోడు? పట్టుకుందా, ఒదిలేసిందా?"

నలభై నాలుగేళ్ళ మనిషి. భుజాన తువ్వాలు, చేతులకు దూది. ఇంటి దగ్గర తల్లి ఎదురుచూస్తుంటుందని, త్వరగా చెప్పమని తొందరపెడుతున్నాడు. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్న భాష నాకు ఆ పూట అక్కరకొచ్చింది.

"ఆ విషయం ఇంకా కమిటీ పరిశీలనలో ఉందయ్యా" అన్నాను.